నెల్లూరు తీర గ్రామాల పెరటిలో పుదీన పెంపకం : నీటి నాణ్యతే కీలకం

పుదీన తులసి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. మన వంటింట్లో వాడే రకం శాస్త్రీయ నామం మెంథా స్పైకాటా. కాడ ముక్కలతో సులువుగా నాటుకొనే ఈ మొక్క ఎక్కడైనా పెరుగుతుందన్న అభిప్రాయం ఉంది. అయితే అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వంటి తీర మండలాల్లో బోరు నీరు ఉప్పగా ఉన్న చోట్ల ఆకుల అంచులు మాడి, మొక్క క్రమంగా క్షీణిస్తుంది. దీనిని పోషక లోపంగా భావించి ఎరువులు పెంచితే, ఆ ఎరువుల్లోని లవణాలు కూడా చేరి నష్టం మరింత పెరుగుతుంది.

నీటి యాజమాన్యం

నీటి లవణ సూచిక (ఇ.సి.) మీటరుకు 0.7 డెసిసీమెన్ లోపు ఉంటే ఆ నీటిని నిరభ్యంతరంగా వాడవచ్చు. అంతకు మించితే వర్షపు నీటిని కలపాలి. సూచిక 2 ఉన్న బోరు నీటికి సమాన పరిమాణంలో వర్షపు నీరు కలిపితే అది సుమారు 1కి తగ్గుతుంది. నీటి శుద్ధి యంత్రం నుండి వెలువడే వృథా నీటిలో లవణాలు మరింత గాఢంగా ఉంటాయి కనుక దానిని పుదీనకు పోయరాదు.

ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాలే ప్రధాన వర్షాధారం. 10 చదరపు మీటర్ల కప్పుపై 50 మి.మీ. వర్షం కురిస్తే 500 లీటర్లు చేరుతుంది. ఐదో వంతు వృథా అయినా 400 లీటర్లు మిగులుతుంది. రోజుకు కుండీకి లీటరు చొప్పున నాలుగు కుండీలకు ఈ నీరు 100 రోజులు సరిపోతుంది. తొట్టిపై మూత ఉంచితే దోమలు పెరగవు.

కుండీ, నాటే విధానం

పుదీన వేళ్ళు పక్కలకు పాకుతాయి కనుక 20–25 సెం.మీ. లోతు గల వెడల్పాటి కుండీలను ఎంచుకోవాలి. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువును సమపాళ్ళలో కలపాలి. సముద్రపు ఇసుకను వాడరాదు. కొబ్బరి పొట్టు వాడదలిస్తే రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి కడగాలి. వర్షాలు తగ్గుముఖం పట్టే డిసెంబరు–జనవరి నెలల్లో 10 సెం.మీ. పొడవు గల కాడలను కింది ఆకులు తీసి నాటాలి. బజారులో కొన్న కట్టలోని తాజా కాడలు కూడా పనికివస్తాయి.

సంరక్షణ, కోత

నీటిని ఆకులపై చల్లక మొదలు వద్ద పోయాలి. వారానికి ఒకసారి కుండీ అడుగు రంధ్రం నుండి కారేంత వరకు మంచినీరు పోస్తే పేరుకొన్న లవణాలు కొట్టుకుపోతాయి. కుండీ కింద పళ్ళెంలో నీరు నిలువ ఉంచరాదు. వేసవిలో ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ అవసరం. ఆకుల అడుగున నారింజ–గోధుమ రంగు పొక్కులు కనిపిస్తే అది తుప్పు తెగులు. సోకిన కాడలను మొదలంటా కోసి నాశనం చేయాలి. సుమారు రెండు నెలలకు తొలి కోత వస్తుంది. కణుపుపై కోస్తే కొత్త చిగుళ్ళు పుట్టుకొస్తాయి.

విస్తరణ సిబ్బందికి సూచన

పెరటి తోటల శిక్షణలో విత్తన సంచి కంటే ముందు నీటి పరీక్షకు చోటు కల్పించాలి. గృహిణి వాడే నీటిని ఆమె ఎదుటే పరీక్షించి చూపితే, ఆకు మాడడానికి కారణం ఆమె అశ్రద్ధ కాదని, నీటిలోని ఉప్పేనని స్పష్టమవుతుంది. ఆ అవగాహన కలిగిన ఇంట పుదీనతో పాటు ఇతర ఆకుకూరలు కూడా నిలదొక్కుకొంటాయి.