పసిపిల్లల స్నానం: చన్నీళ్ళు ముందు, వేణ్ణీళ్ళు తరువాత



చలికాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లో తెల్లవారేసరికి వేణ్ణీళ్ళు కాగుతుంటాయి. ఆ రోజుల్లోనే వేడినీళ్ళు పడి కాలిన పసిబిడ్డలను కూడా ఎక్కువగా చూస్తుంటాం. వీరిలో చాలామంది అప్పుడే పాకడం, నడవడం నేర్చినవారు. జరిగే తీరు కూడా దాదాపు ఒక్కటే. తల్లి పొయ్యి మీది గిన్నె దించి నీళ్ళు బకెట్టులో పోస్తుంది. చన్నీళ్ళ కోసమో, తువ్వాలు కోసమో పక్కకు వెళ్తుంది. ఆ అర నిమిషంలో బిడ్డ బకెట్టు పట్టుకుని లేచి నిలబడతాడు. అందుకే ఈ మాసం ఈ విషయం వ్రాస్తున్నాము.

పిల్లలకే ఎందుకు ప్రమాదం?

పసిపిల్లల చర్మం పెద్దవారి చర్మం కంటే పలుచన. 60 డిగ్రీల నీరు పెద్దవారిని సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు. పసిబిడ్డకు అంతసేపు కూడా పట్టదు. పొయ్యి మీద మరిగిన నీరు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక్క చెంబెడు నీళ్ళు మనకు చేయి కాలినంతే గాని, బిడ్డకు ఛాతీ, పొట్ట అంతా కాలినట్టే. లోతుగా కాలిన చోట మచ్చ మిగులుతుంది. వేళ్ళ దగ్గర, మోచేతి దగ్గర అయితే చర్మం ముడుచుకుపోయి చేయి చాపలేని స్థితి వస్తుంది. ఆపరేషన్లు కూడా అవసరం కావచ్చు.

స్నానం పోసేటప్పుడు

1. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోయండి, తరువాతే వేణ్ణీళ్ళు కలపండి. అప్పుడు బకెట్టులో వట్టి మరిగిన నీళ్ళు ఒక్క నిమిషం కూడా ఉండవు. ఈ ఒక్క అలవాటు చాలా ప్రమాదాలను తప్పిస్తుంది.

2. నీళ్ళు బాగా కలిపి మీ మోచేయి ముంచి చూడండి. మన అరచేతులు పనులు చేసి మొద్దుబారి ఉంటాయి, వాటిని నమ్మవద్దు. నీరు గోరువెచ్చగా, అంటే 37, 38 డిగ్రీలు ఉంటే చాలు. వేడిగా పోస్తేనే ఒళ్ళు గట్టిపడుతుందని పెద్దలు అంటారు. అమ్మమ్మలు, స్నానం పోసే అమ్మలు ప్రేమతోనే అంటారు గాని, అందులో నిజం లేదు.

3. హీటరు రాడ్ పెట్టిన బకెట్టు ఉన్న గదిలోకి పిల్లలను రానివ్వవద్దు, తలుపు గడియ పెట్టండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతే నీళ్ళు ముట్టుకోండి. గీజరుకు వేడి తగ్గించే మర ఉంటే 50 డిగ్రీలకు మించనివ్వవద్దు.

4. కావలసినవన్నీ దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఫోను మ్రోగినా, తలుపు తట్టినా బిడ్డను వదిలి లేవవద్దు. తప్పనిసరైతే బిడ్డను ఎత్తుకునే వెళ్ళండి.

5. స్నానం కాగానే బకెట్టు వంపేయండి. పసిపిల్లలకు తల బరువెక్కువ. బకెట్టులోకి తొంగిచూసి తలక్రిందులుగా పడితే తిరిగి లేవలేరు. జానెడు లోతు నీళ్ళలో కూడా చప్పుడు లేకుండా మునిగిపోతారు.

విదేశాలకు వెళ్ళే తాతయ్యలకు, అమ్మమ్మలకు

మన సంఘ కుటుంబాల్లో అమెరికాలో ఉన్న బిడ్డల దగ్గరకు వెళ్ళివచ్చేవారున్నారు. అక్కడ కొన్ని ఇళ్ళలో, హోటళ్ళలో హాట్ టబ్ అనే వేడినీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో నీరు 40 డిగ్రీల వరకు ఉండవచ్చు. మనకు అది హాయిగానే ఉంటుంది గాని, పసిబిడ్డ ఒళ్ళు త్వరగా వేడెక్కి సొమ్మసిల్లవచ్చు. 5 ఏళ్ళ లోపు పిల్లలను అందులో దింపకూడదు. అడుగున నీళ్ళు లాగే గొట్టం కూడా ప్రమాదమే. 2002లో గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ళ పాప ఆ గొట్టం లాగిన బలానికి పైకి రాలేక మరణించింది. 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ భద్రతా చట్టం చేశారు. కాబట్టి పెద్దపిల్లలు దిగినా జుట్టు ముడి వేయండి, పక్కనే ఉండండి.

ఒకవేళ కాలితే

- వెంటనే తడి బట్టలు, మొలతాడు, గాజులు, పట్టీలు తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగవద్దు.
- కాలిన చోట పంపు నీళ్ళు సన్నని ధారగా 20 నిమిషాలు పోయండి. ఆలస్యమైనా, 3 గంటల లోపు పోస్తే మేలే. మిగతా ఒళ్ళు చలి పట్టకుండా కప్పి ఉంచండి.
- ఐసు, టూత్‌పేస్టు, సిరా, దోసె పిండి, పసుపు, నెయ్యి ఏదీ పూయవద్దు. అవి సూక్ష్మక్రిములకు చోటిస్తాయి. డాక్టరుగారికి గాయం లోతు కూడా తెలియదు.
- బొబ్బలు చిదమవద్దు. ఉతికిన శుభ్రమైన బట్టను వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి. అవసరమైతే 108కి ఫోను చేయండి.

బిడ్డ అరచేయి, వేళ్ళతో కలిపి, ఆ బిడ్డ శరీరంలో సుమారు నూటికి ఒక వంతు. గాయం అంతకంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళ దగ్గర కాలినా, ఏడాది లోపు బిడ్డకు ఎంత చిన్న గాయమైనా తప్పక చూపించాలి. ఎవరైనా తిడతారని ఇంట్లో దాచవద్దు. మేము ముందు గాయాన్ని చూస్తాము, తప్పెవరిదని అడగము.

పిల్లలు దేవుడు మన చేతికి అప్పగించిన బహుమానం. రేపు ఉదయం నీళ్ళు తోడేటప్పుడు ముందు చన్నీళ్ళు పోయండి. ఈ మాట మీ పక్కింటి తల్లికి కూడా చెప్పండి. దేవుడు మీ పసిబిడ్డలను కాపాడును గాక.