మీ చీటీ ఎవరు చూస్తారు? ఆసుపత్రి కంప్యూటర్లలో పేర్లు, తాళాలు, కట్టుబాట్లు



ఈ పత్రికలో రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి, బాలింతల ఆహారం గురించి చదువుతూ ఉంటారు. ఈసారి కంప్యూటర్ విభాగంలో పనిచేసే మాకు అవకాశం ఇచ్చారు. "కంప్యూటర్లకు, ఆరోగ్యానికి ఏమి సంబంధం?" అని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అది మేము ఒక తప్పు ద్వారా నేర్చుకొన్నాము.

జరిగిన సంగతి

కొన్ని సంవత్సరాల క్రితం మన ఓపీ కౌంటరులో ఒకే కంప్యూటరు ఉండేది. దానికి ఒకే పేరు, "రిసెప్షన్". ఒకే పాస్‌వర్డ్. అది మరచిపోకుండా ఒక కాగితం మీద వ్రాసి తెర పక్కనే అంటించి ఉంచాము. పగలు పనిచేసేవారు, రాత్రి డ్యూటీవారు, సెలవులలో సాయానికి వచ్చే పిల్లలు అందరూ ఆ పేరుతోనే పనిచేసేవారు. సులువుగా ఉండేది. అప్పట్లో అది మాకు తప్పుగా తోచలేదు.

ఒకరోజు బెళుగుప్ప వైపు పల్లె నుండి ఒక యువతి పరీక్షలకు వచ్చింది. ఆ జబ్బు పేరు ఇక్కడ వ్రాయము. సాయంత్రం బస్సు దిగి ఆమె ఇల్లు చేరేసరికే రిపోర్టు సంగతి ఊరిలో తెలిసిపోయింది. ఎవరో చూశారు, ఎవరికో ఫోనులో చెప్పారు. మరునాడు ఆమె తల్లి వచ్చి, "డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదంటిరే" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయింది.

ఎవరు చూశారో తెలుసుకొనడానికి మేము కంప్యూటరులో వెదికాము. ఆ రిపోర్టును తెరచిన సమయం ఉన్నది. తెరచినవారి పేరు దగ్గర "రిసెప్షన్" అని ఉన్నది. ఆ పేరును వాడుతున్నవారు పదకొండు మంది. తప్పు చేసినవారు దొరకలేదు. తప్పు చేయని పదిమంది కూడా చాలాకాలం అనుమానం మోశారు. ఆ యువతి మందులకు మళ్లీ మన దగ్గరకు రాలేదు. వేరే ఊరిలో చికిత్స తీసుకొంటున్నదని కొన్ని నెలల తరువాత విన్నాము. ఆ నెలలలో మందులు వేసుకొన్నదో లేదో మాకు తెలియదు.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అంటారు పెద్దలు. రోగి గుట్టు బయటపడితే చేటు రోగికే. మనిషి సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానివేస్తే ఏ మందూ పనిచేయదు. అందుకే ఇది ఆరోగ్య పత్రికలో వ్రాయవలసిన సంగతి అనుకొన్నాము.

సంఘ రిజిస్టరు, తాళాల గుత్తి

ఆ తరువాత మేము పెట్టుకొన్న ఏర్పాటును కంప్యూటరు భాషలో "డైరెక్టరీ" అంటారు. మాట కొత్తగా ఉన్నా పద్ధతి మీకు తెలిసినదే. సంఘంలో సభ్యుల రిజిస్టరు ఉంటుంది. అందులో ప్రతి ఒక్కరి పేరు ఒకసారే ఉంటుంది. ఎవరు పెద్ద, ఎవరు కోశాధికారి, ఎవరు సండే స్కూలు టీచరు అని ఉంటుంది. కానుకల పెట్టె తాళం కోశాధికారి దగ్గర, గుడి తలుపు తాళం గుడి చూసుకొనే ఆయన దగ్గర ఉంటాయి. గుడి శుభ్రం చేసేవారికి పెట్టె తాళం ఇవ్వము. వారిని నమ్మక కాదు, వారి పనికి అది అవసరం లేదు గనుక.

డైరెక్టరీ కూడా అలాంటి రిజిస్టరే. ఆసుపత్రిలోని ప్రతి ఉద్యోగి పేరు, ప్రతి కంప్యూటరు పేరు అందులో ఉంటాయి. ఉద్యోగులను గుంపులుగా చేస్తాము: డాక్టర్లు, నర్సులు, ల్యాబు, ఫార్మసీ, బిల్లింగు. ఏ గుంపు ఏది చూడవచ్చునో ముందే వ్రాసి ఉంటుంది. బిల్లింగువారికి ఫలానా పరీక్ష జరిగింది, ఇంత రుసుము అని కనిపిస్తుంది. ఫలితం కనిపించదు. ఫార్మసీవారికి మందుల చీటీ కనిపిస్తుంది. డాక్టరు వ్రాసుకొన్న వివరాలు కనిపించవు.

అత్యవసరం వస్తే ఏమిటి? రాత్రివేళ పాము కరిచినవారిని తెస్తే, డ్యూటీ డాక్టరు ఏ రోగి రికార్డునైనా తెరవవచ్చు. కాని కారణం టైపు చేయాలి. అలా తెరచిన వాటి జాబితాను వారానికొకసారి ఇద్దరు పెద్ద డాక్టర్లు చూస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తాళం అడ్డం రాకూడదు. అలాగని తాళం లేకుండానూ ఉండకూడదు.

ఇది ఎక్కడ మొదలైనది?

1960ల మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది పంచుకొనవలసి వచ్చింది. ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రవేత్త బృందం ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇచ్చింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయం చాలక, అందరి పాస్‌వర్డులు ఉన్న పట్టికనే అచ్చు వేయించుకొని ఇతరుల పేర్లతో పని చేసుకొన్నాడు. ఈ సంగతి చాలా ఏళ్ల తరువాత ఆయనే చెప్పాడు. తాళం పుట్టిన కొద్దికాలానికే దొంగ తాళం కూడా పుట్టిందన్నమాట.

కంప్యూటర్లు పెరిగిన కొద్దీ ఒక్కొక్క దానిలో వేరువేరుగా పేర్లు వ్రాయడం కష్టమైంది. అందరి పేర్లు ఒకేచోట ఉంచే డైరెక్టరీ పద్ధతులు 1980ల చివర, 1990లలో వచ్చాయి. ఫిబ్రవరి 2000లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 2000తో పాటు "యాక్టివ్ డైరెక్టరీ"ని విడుదల చేసింది. ప్రపంచంలో చాలా కార్యాలయాలు, ఆసుపత్రులు నేటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. అదే పనిచేసే "సాంబా" అనే ఉచిత సాఫ్ట్‌వేరు నాలుగవ రూపం డిసెంబరు 2012లో వచ్చింది. డబ్బు తక్కువ ఉన్న సంస్థలకు అది కూడా ఒక దారి.

మన జిల్లావారికి ఈ పద్ధతి మరొక రూపంలో పరిచయమే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదటి విడతగా ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఒకటి. తెల్ల కార్డు పట్టుకొని వెళ్లినవారిని ఆరోగ్యమిత్ర కంప్యూటరులో నమోదు చేసేవారు. ఆపరేషనుకు అనుమతి ఇచ్చే డాక్టరు వేరొకచోట ఉండి తన సొంత పేరుతో చూసి ఇచ్చేవారు. నమోదు చేసేవారు అనుమతి ఇవ్వలేరు. ఎవరి పని వారిదే. అదే పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది.

కౌంటరు దగ్గర ఆలస్యం ఎందుకు?

ఉదయం నర్సు తన పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే ఆ కంప్యూటరు సొంతంగా ఏమీ నిర్ణయించదు. సర్వరును అడుగుతుంది. సర్వరు రిజిస్టరు చూసి, సరిపోతే ఒక చీటీ ఇస్తుంది. అది బస్సు టికెట్టు లాంటిది. కొన్ని గంటలే చెల్లుతుంది. ఆ తరువాత ల్యాబు రిపోర్టు తెరచినా, ప్రింటు తీసినా ఆ చీటీ చూపితే చాలు. పాస్‌వర్డ్ మాటిమాటికీ చెప్పనవసరం లేదు.

ఆ చీటీ మీద సమయం ఉంటుంది. కంప్యూటరు గడియారానికి, సర్వరు గడియారానికి అయిదు నిమిషాలకు మించి తేడా వస్తే చీటీ చెల్లదు. కరెంటు పోయి వచ్చినప్పుడు, లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటరు గడియారం ఎప్పటిదో తేదీ చూపుతుంది. అప్పుడు పాస్‌వర్డ్ సరిగా కొట్టినా లోనికి రానివ్వదు. మీరు వరుసలో నిలబడి ఉండగా మావాళ్లు పరుగెత్తే సందర్భాలలో ఇది ఒకటి. ఇప్పుడు ఆ బ్యాటరీలు మార్చాము. ఒక సర్వరు ఆగిపోతే అదే రిజిస్టరు నకలుతో రెండవది పనిచేసేటట్లు పెట్టాము.

మా కట్టుబాట్లు

ఉద్యోగులందరికీ వర్తించే నియమాలను సర్వరులో ఒకసారి వ్రాస్తే చాలు. ప్రతి కంప్యూటరు సుమారు గంటన్నరకు ఒకసారి సర్వరును అడిగి కొత్త నియమాలు తెలుసుకొంటుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

- పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తెర దానంతట అదే మూసుకొంటుంది.
- అయిదు సార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ పేరు కొంతసేపు ఆగిపోతుంది.
- బయటి పెన్‌డ్రైవులు పనిచేయవు.
- నెలనెలా పాస్‌వర్డ్ మార్చమని బలవంతం చేయము. అలా చేస్తే జనం కాగితం మీద వ్రాసి అంటిస్తారని మాకు తెలిసిందే. 2017 నుండి అమెరికా ప్రమాణాల సంస్థ కూడా ఇదే చెబుతున్నది. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి, బయటపడినదని తెలిస్తే మార్చాలి.
- ఉద్యోగం మానినవారి పేరును ఆ సాయంత్రమే ఆపివేస్తాము.

చివరి నియమమే అన్నిటికంటె కష్టమైనది. బెంగళూరుకో గల్ఫుకో వెళ్లే నర్సులకు కేకు కోసి, ప్రార్థన చేసి పంపుతాము. పేరు ఆపడం మాత్రం మరచిపోతాము. "తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అన్న సామెత ఇందుకే పుట్టిందేమో. ఇప్పుడు ఆఫీసులో చివరి జీతం కాగితం మీద మా సంతకం కూడా ఉండాలి. పేరును ఆపుతాము గాని తుడిచివేయము. ఆమె వ్రాసిన నోట్సు కింద ఆమె పేరు ఎప్పటికీ ఉండాలి కదా.

పెద్ద ఆసుపత్రులకూ తప్పలేదు

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దాడి జరిగింది. అయిదు సర్వర్లలోని సమాచారానికి దుండగులు తాళం వేశారు. సుమారు రెండు వారాల పాటు ఓపీ, ల్యాబు పనులు కాగితాల మీద నడిచాయి. నెట్‌వర్కును సరిగా విభాగాలు చేయకపోవడం కారణమని తరువాత పార్లమెంటులో ప్రభుత్వం తెలిపింది. గడ్డివాములన్నీ ఒకదానికొకటి ఆనించి వేస్తే ఒక నిప్పురవ్వ చాలు, అన్నీ కాలిపోతాయి. దాడి తాకని మరొక సర్వరులో నకలు ఉండబట్టి రోగుల సమాచారం తిరిగి దొరికింది. మేము కూడా ప్రతి రాత్రి నకలు తీసి, వారానికొకటి నెట్‌వర్కు నుండి విడదీసి బీరువాలో పెడుతున్నాము.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయట పెట్టకూడదు. అలాంటి వివరాలు ఉన్న సంస్థలు వాటిని భద్రపరచే ఏర్పాట్లు చేసుకొనాలి. మా మట్టుకు మేము అన్ని జబ్బులకూ అదే కట్టుబాటు పెట్టుకొన్నాము.

మీరు చేయవలసినవి

మొదటిది, ఓపీ కార్డు తప్పక తెండి. బెళుగుప్ప, జీడిపల్లి, తగ్గుపర్తి వైపు నుండి ఒకే ఉదయం ఇద్దరు ముగ్గురు తిప్పేస్వాములు రావడం మాకు మామూలే. పేరు ఒకటే కావచ్చు, నంబరు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కటే. ఒకరి రిపోర్టు మరొకరికి వెళ్లకుండా కాపాడేది ఆ నంబరే. పనికి బెంగళూరు వెళ్లి రెండేళ్లకు తిరిగి వచ్చినా అదే నంబరుతో పాత చికిత్స అంతా దొరుకుతుంది.

రెండవది, ఫోను నంబరు మారితే చెప్పండి. మీ రిపోర్టు గురించి ఇంట్లో ఎవరికి చెప్పవచ్చునో, ఎవరికి వద్దో ముందే చెప్పండి. వ్రాసి పెడతాము.

మూడవది, ఇది అన్నిటికంటె ముఖ్యం. ఆసుపత్రిలో పనిచేసే మీ బంధువును, "వదినా, ఆ పక్కింటామెకు ఏమొచ్చిందో కాస్త చూడవా" అని అడగవద్దు. చూస్తే ఆమె పేరు మీద నమోదు అవుతుంది. ఆమె ఉద్యోగం పోయే పని మీరు చేయించినట్లు అవుతుంది.

నాలుగవది, మీ రికార్డును ఎవరు తెరిచారో తెలుసుకొనాలంటే అడగండి. ఇప్పుడు మేము పేరుతో సహా చెప్పగలము. ఆనాడు ఆ తల్లికి చెప్పలేకపోయాము.

సంఘానికి ఒక మనవి

కంప్యూటర్లకు తాళాలు వేశాము. ఇక మిగిలినది మన నోళ్లు. ఆదివారం ప్రార్థన మనవుల చీటీలో, "ఫలానా చెల్లెమ్మకు ఫలానా జబ్బు, ప్రార్థించండి" అని ఆమెను అడగకుండానే వ్రాసి ఇస్తూ ఉంటాము. మంచి మనసుతోనే చేస్తాము. కాని ఆమె వెనుక బల్ల మీద కూర్చొని తల దించుకొంటున్నదేమో చూడము. ఆమెను అడిగి వ్రాయండి. ఆమె వద్దంటే పేరు లేకుండా, జబ్బు పేరు లేకుండా ప్రార్థించండి. ఆమె ఎవరో దేవునికి తెలుసు.

మా విభాగం కొరకు ప్రార్థించండి. ఆ తల్లి ఈ పత్రిక చదువుతుంటే, మేము ఆనాడు చెప్పవలసిన మాట ఇప్పుడు చెబుతున్నాము. తప్పు మాదే, మమ్మును క్షమించండి. మీ అమ్మాయి వచ్చినా, రాకపోయినా, ఆమె కార్డు నంబరు అలాగే ఉన్నది. ఆమె డాక్టరు అనుమతి లేకుండా ఇప్పుడు దానిని ఎవరూ తెరవలేరు.