ఇంట్లో ఆట, ఒడిలో బిడ్డ

ఆట అనునది పిల్లలకు మాత్రమే తగినదనియు, పెద్దలు ఆడుట పనిలేని పనియనియు కొందరు అనుచుందురు. ఈ మాట పూర్తిగా నిజము కాదు. మన భాషయే ఇందుకు సాక్ష్యము. ఒకని యుక్తిని మరొకడు మించినచో 'ఎత్తుకు పైఎత్తు' అందుము. చాటున ప్రయత్నములు సాగించువానిని 'పావులు కదుపుచున్నాడు' అందుము. ఇక దారి లేదనినపుడు 'ఆట కట్టినది' అందుము. ఈ మూడును చదరంగపు బల్లమీది మాటలే. ఉర్దూ మాట్లాడు మిత్రులు ఓటమిని 'మాత్' అనునపుడు 'షహ్ మాత్' అను పారసీక ప్రయోగమునే స్మరించుచున్నారు. ఆంగ్లములోని 'చెక్‌మేట్' కూడ దానినుండియే పుట్టినది. ఆట ఇంతగా నోటిమాటలో కలిసిపోయిన చోట, పెద్దలు ఆడరాదని చెప్పుట వ్యర్థము. అయితే ఇంట్లో మూడేండ్ల బిడ్డ ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఎట్లు ఆడవలెను? ఈ వ్యాసములో మేము విచారింపదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

మేము తిరుపతిలో కాపురముండు దంపతులము. మాలో ఒకరికి సెల్‌ఫోనులో ఆడు అలవాటు పెండ్లికి ముందునుండియు కలదు. రెండవవారికి బాల్యములో చిత్తూరులోని అమ్మమ్మ ఇంట నేర్చిన వామనగుంటలు, పులిజూదము వచ్చును గాని, బిడ్డ పుట్టిన తరువాత ఆ పీటను అటకమీదినుండి దించిన పాపమున పోలేదు. ఈ తేడాను చాలకాలము మేమిద్దరమును గమనింపలేదు. ఒక సాయంకాలము జరిగిన చిన్న సంఘటన మా కన్నులు తెరిపించినది.

ఆనాడు తల్లి కూరగాయలకు వెళ్లినది. తండ్రి ఇంట్లో ఉన్నాడు, పాపయు ఉన్నది. తండ్రి చేతిలో ఆట నడుచుచున్నది. పాప మూడు పర్యాయములు 'నాన్నా, రా' అని పిలిచినది. మూడు పర్యాయములును 'ఒక్క నిమిషము' అను సమాధానమే వచ్చినది. నాలుగవసారి పిలుపు రాలేదు. పిలుపు రాలేదన్న సంగతి కూడ ఆ తండ్రికి తెలియలేదు. కొంతసేపటికి గడపలో అలికిడి వినవచ్చినది. పొరుగింటి పెద్దమ్మ, మా పాప 'నానీ' అని పిలుచునామె, బిడ్డను చంకనెత్తుకొని నిలిచియున్నది. ఆటోలు తిరుగు వీధి మలుపు దాక పాప ఒంటరిగా నడచిపోయినదట. ఆమె కోపపడలేదు. 'ఏం నాయనా, బిడ్డ ఈడుంది, నువ్వు యాడున్నావు?' అని మాత్రము అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు మేము ఆలోచించిన విషయములే ఈ క్రింద వ్రాయుచున్నాము.

ఆగని ఆట

మొదట యంత్రమును తెలిసికొనవలెను. నేటి ఫోను ఆటలలో ఎక్కువ ప్రచారము గలవి అనేకులు ఏకకాలమున ఆడునవి. ఒక కల్పిత ద్వీపములో నూరుమంది దిగుదురు; చివరకు మిగిలినవారు గెలుతురు. ఒక్కొక్క పోటీ అరగంట వరకు సాగును. ఆట నడచునది మన ఫోనులో మాత్రము కాదు. ఎక్కడో నున్న సర్వరు అందరి కదలికలను క్షణక్షణమును కలిపి నడుపుచుండును. కావున ఒక ఇంట బిడ్డ ఏడ్చినదని మిగిలినవారి గడియారము ఆగదు. నలుగురు కలిసిన జట్టు అయినచో, మధ్యలో లేచినవాడు తన ఓటమితోపాటు తోడివారి ఓటమిని కూడ కొనితెచ్చును. కొన్ని ఆటలు అట్లు లేచినవానికి దండన కూడ విధించును. 'ఒక్క నిమిషము' అను తండ్రి అబద్ధమాడవలెనని అనలేదు. ఆ నిమిషము ఎప్పుడు ముగియునో చెప్పు అధికారము అతని చేతిలో లేదు.

ఇంకొక ఉపాయము కలదు. ప్రతిదినము వచ్చువానికి ఒక చిన్న బహుమానము, రానివానికి దాని నష్టము. ఏ పెట్టెలో ఏమున్నదో తెలియని ఉత్సుకత. మెట్టు తరువాత మెట్టు. ఎప్పుడు ఫలము దక్కునో తెలియని పనిని మనస్సు తేలికగా విడువదు. జూదమునకు గల పట్టు ఇదియే. ఆట తయారుచేయువారికి ఈ సంగతి తెలియును. మనకు తెలియకపోవుటయే లోపము.

ఆగు ఆట

దీనికి ఎదురుగా మన పాత ఆటలను నిలిపి చూడుడు. పులిజూదమున త్రిభుజాకారముగా గీతలు గీసి 23 స్థానములు ఏర్పరచుదురు. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెట్టవలెను. అన్నిటిని పెట్టువరకు వానిని కదుపరాదు. ప్రక్కనున్న మేకకు ఆవలి స్థానము ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దుమికి చంపును. మేకలు చంపలేవు, కలిసికట్టుగా నిలిచి పులిని కదలకుండ కట్టివేయగలవు. బలము లేనివారికి పొందికయే బలమని చెప్పుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు. ప్రాచీన దేవాలయముల మండపములలో రాతినేలమీద ఈ గీతలు చెక్కబడియుండుట దక్షిణదేశమున పలుచోట్ల కనబడును.

వామనగుంటల పీటలో రెండు వరుసలుగా ఏడేసి, మొత్తము 14 గుంటలుండును. చింతగింజలను ఒక గుంటనుండి తీసి వరుసగా పంచుకొనుచు పోవలెను. అష్టాచెమ్మకు 25 గళ్లును 4 గవ్వలును చాలును. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, నాలుగును బోర్లపడినచో అష్ట. పచ్చీసు పేరు 25 అను సంఖ్యనుండి వచ్చినది. ఫతేపూర్ సిక్రీ రాజప్రాసాదపు ముంగిట ఆ ఆట పటము రాతిలో నేటికిని కలదు. ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందిన లూడో దాని సంతానమే. మన వైకుంఠపాళియే పాములు-నిచ్చెనల ఆటయై ప్రపంచమంతయు తిరిగినది.

ఈ ఆటలన్నిటికిని ఒక సామాన్యగుణము కలదు: అవి వేచియుండును. మూడు పులులును పన్నెండు మేకలును ఉన్నచోటనే ఉంచి, పైన చేట బోర్లించి, బిడ్డకు అన్నము తినిపించి, నిద్రపుచ్చి, మరల వచ్చి కూర్చుండవచ్చును. మేక పారిపోదు. ఎదుట కూర్చున్నవారు కూడ ఆ బిడ్డకు తల్లియో తండ్రియో కావున అలుగరు.

ఆట మార్చినంతమాత్రమున చాలునా?

చాలదు. ఈ విషయమున ఒక హెచ్చరిక అవసరము. మున్షీ ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన 'శత్‌రంజ్ కే ఖిలాడీ' కథను మా ఉర్దూ విద్యార్థులు తప్పక ఎరుగుదురు. సత్యజిత్ రాయ్ 1977లో దానిని చలనచిత్రముగా తీసెను. 1856లో అవధ్ రాజ్యము ఆంగ్లేయుల వశమగుచుండగా లక్నో నగరమున ఇద్దరు జాగీర్దారులు చదరంగములో మునిగియుందురు. ఒకని భార్య తలనొప్పితో బాధపడుచు లోపలినుండి దాసిచేత కబురు పంపును. అతడు వెంటనే లేవడు. అతని ముందు ఫోను లేదు, సర్వరు లేదు; వేచియుండగల చదరంగమే ఉన్నది. అయినను ఆట అతని కొరకు వేచియుండలేదు, అతని భార్యయే వేచియున్నది. అనగా, దోషము సగము యంత్రమునదైనచో మిగిలిన సగము మనుష్యునిది.

అట్లని ఆటను వెలివేయవలెనా? మన రాష్ట్రమునకు చెందిన కోనేరు హంపి జీవితము వేరొక త్రోవ చూపుచున్నది. 1987లో గుడివాడలో జన్మించిన ఆమెకు చదరంగము నేర్పినది తండ్రి అశోక్. కుమార్తె శిక్షణ కొరకై ఆయన తన అధ్యాపక వృత్తిని విడిచిరి. 2002లో, పదునైదవ యేట, ఆమె గ్రాండ్‌మాస్టరు అయినది. 2017లో కుమార్తె పుట్టుటతో కొంతకాలము పోటీలకు దూరముగా నున్నది. పిమ్మట 2019 డిసెంబరులో మాస్కోలోను, 2024 డిసెంబరులో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయినది. బిడ్డతల్లి ఆటను విడువనక్కరలేదని దీనివలన తెలియుచున్నది. అయితే ఒక షరతు: ఆమె దూరదేశమున బల్లముందు కూర్చున్నప్పుడు బిడ్డను చూచుకొను చేతులు ఇంట్లో ఉండవలెను. ఆ చేతులకు కూడ గెలుపులో భాగము కలదు.

అసలు విషయమును మేము ఇక్కడనే గ్రహించితిమి. ఇంట్లో చిన్నబిడ్డ ఉన్నంతకాలము ఏ ఒక్కరి ఆటయు ఉచితము కాదు. మరొకరి చేతులు దానికి వెల చెల్లించుచుండును. మేము ఒక వారము కేలెండరు వెనుక లెక్క వ్రాసితిమి. తండ్రి ఆట తొమ్మిది గంటలు. తల్లికి తనదని చెప్పుకొను సమయము ఒక గంటకూడ లేదు. ఇన్నాళ్లును 'మా ఇంట్లో ఒకరికి ఆట ఇష్టము' అని మేము చెప్పుకొన్న మాటకు అసలు అర్థము ఆ కాగితముమీద కనబడినది. ఇష్టము ఇద్దరికిని కలదు. తీరిక మాత్రము ఒకరిదే.

బిడ్డ సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేండ్లలోపు పిల్లలకొరకు కొన్ని సూచనలు చేసినది. రెండేండ్లు నిండనివారికి తెర చూచుట తగదు. రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదు, తక్కువైన మరింత మేలు. మూడు నాలుగేండ్లవారు దినమునకు కనీసము 180 నిమిషములు శరీరమును కదల్చి ఆడవలెను. 10 మొదలు 13 గంటలు నిద్రింపవలెను. తెరలో విషమున్నదని దీనికి అర్థము కాదు. తెరముందు కదలక గడచిన గంట పరుగునుండియో నిద్రనుండియో తీసినదని అర్థము.

బిడ్డ ముందు పెద్దలు ఆడవచ్చునా? మేము చూచినంతలో, బిడ్డ ఆటను చూచుటలేదు, మన ముఖమును చూచుచున్నది. తండ్రి ముఖము తెరవైపు ఉన్నచో ఆమెకు వీపు మాత్రమే దక్కును. పులిజూదమున ఆమె మా నడుమ కూర్చుండును. నియమములు ఆమెకు తెలియవు. మేకలను లెక్కించును; పద్నాలుగు తరువాత పదహారు అనును. 'ఇప్పుడు నీ వంతు, ఇప్పుడు నా వంతు' అను మాట నేర్చినది. వంతు కొరకు ఆగుట మూడేండ్ల బిడ్డకు చిన్న విద్య కాదు. పెద్దలకును కాదని మా ఇంట ఋజువైనది. ఒక జాగ్రత్త: చింతగింజలు, చిన్న గవ్వలు పసిపిల్లల నోటను, ముక్కునను పోవు ప్రమాదము కలదు. కావున పాప కూర్చున్నప్పుడు మేము నోటబట్టని పెద్ద గులకరాళ్లనే వాడుచున్నాము.

విద్యార్థులకు ఒక మాట

సరదాకు ఆడుట వేరు, సొమ్ము ఒడ్డి ఆడుట వేరు. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో మన రాష్ట్రమునుండి వెళ్లిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు చెప్పినమాట నిజమే. కాని ఫోనులో సొమ్ము ఒడ్డి ఆడుటవలన ఇండ్లు గుల్లయగుట చూచి 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1974 నాటి గేమింగ్ చట్టమును సవరించి దానిని నిషేధించినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటికిని అట్టి నిషేధము విధించుచునే, ఈ-స్పోర్ట్స్‌ను పోటీక్రీడగా గుర్తించినది. ఆటపై అదుపు తప్పి, చదువు, నిద్ర, బంధువులకన్న అదియే ముఖ్యమై, హాని కలిగినను మానలేని స్థితి సాధారణముగా ఏడాదిపాటు సాగినచో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. ఆడు ప్రతివాడును రోగి కాడు. కాని 'నన్ను ఎవరైన పిలిచినచో లేవగలనా?' అని తన్ను తాను అడుగుకొనుట ప్రతివానికిని మంచిది.

మా ఇంట ఇప్పుడు నాలుగు నియమములు కలవు. బిడ్డ మేలుకొనియున్నంతవరకు ఆగని ఆట ఆడరాదు. ఇంట ఒక్కరే ఉన్నప్పుడు అసలు ఆడరాదు. వారమునకు మూడు రాత్రులు తండ్రివి, మూడు రాత్రులు తల్లివి. ఆ రాత్రి బిడ్డ లేచినచో ఆడనివారే లేవవలెను. ఏడవ రాత్రి పీట దించి ఇద్దరమును ఎదురెదురుగా కూర్చుందుము. నియమము తప్పిన రోజులు లేకపోలేదు. తప్పినప్పుడు కేలెండరు వెనుక వ్రాయుచున్నాము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. వసారాలో ఒక మూల పులిజూదపు గీతలు, పచ్చీసు గళ్లు రంగుతో వేయించినచో ఖర్చు స్వల్పము. తెలుగు విద్యార్థియు ఉర్దూ విద్యార్థియు ఎదురెదురుగా కూర్చుండుటకు ఒక చోటు ఏర్పడును. రేపు వారును తల్లిదండ్రులగుదురు. పిలుపు వినబడినప్పుడు ఆటను ఉన్నచోటనే ఉంచి లేచు అలవాటు ఇప్పటినుండియే కావలెను.

మొన్న రాత్రి మూడవ పులిని కట్టు సమయమున లోపల పాప ఏడ్చినది. ఆనాడు తల్లి వంతు కావున తండ్రి లేచి వెళ్లినాడు. తిరిగి వచ్చి చూడగా మేకలన్నియు ఎక్కడివక్కడనే ఉన్నవి. ఆట అతడే ఓడిపోయినాడు.