అద్దెయిండ్ల యజమానులు – అగ్నిభయము

క్రొత్త యిల్లు కట్టువాడు తన మిద్దెచుట్టు పిట్టగోడ కట్టింపవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము విధించుచున్నది. పైనుండి యెవడైన పడి చనిపోయినచో ఆ రక్తదోషము ఆ యింటిమీద నిలుచునని దాని భావము. ఇల్లు నాది, నా యిష్టమనుటకు యజమానునకు వీలులేదు. ఆ కాలపు మిద్దెలకు పడిపోవుట యెట్టి యపాయమో, పలు కుటుంబములు వాటాలుగా కాపురముండు నేటి మేడలకు అగ్ని యట్టి యపాయము. మా పాఠశాలకు వచ్చు పిల్లలలో అనేకులు ఇట్టి వాటాలనుండియే వచ్చుచున్నారు. తలిదండ్రులలో కొందరు అట్టి యిండ్లకు యజమానులును అయియున్నారు. ఇరుపక్షములవారును చదువుదురని తలంచి యిది వ్రాయుచున్నాము.

2023వ సంవత్సరము నవంబరు 13వ తేదీన హైదరాబాదు నాంపల్లి బజారుఘాటులోని యొక నివాసపు మేడలో, క్రింది భాగమున నిలువచేసిన రసాయనపు పీపాలు అంటుకొని, పైయంతస్తులవారిలో తొమ్మండుగురు మరణించిరి. 2025 మే 18న చార్మినారు చెంతనున్న గుల్జారుహౌజులో, క్రింద దుకాణములును పైన కాపురములును గల మేడలో తెల్లవారుజామున నిప్పు పుట్టి, పదునేడుగురు చనిపోయిరి. వారిలో పసిపిల్లలును కలరు. ఆ మేడలోనికి పోవుటకు ఇరుకైన మార్గ మొక్కటియే.

ఇట్టి చోట్ల అనేకులు మంట తాకకయే చనిపోవుదురని విద్యార్థులు గమనింపవలెను. వారిని చంపునది పొగ. వస్తువులు చాలినంత గాలిలేక మండునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువు పుట్టును. అది నెత్తురులో ప్రాణవాయువుయొక్క స్థానము నాక్రమించుటచే మనుష్యుడు కొలది నిమిషములలోనే స్పృహ దప్పును. నిద్రించువాడు మేలుకొననే మేలుకొనడు. వేడిపొగ పైకి పోవునదగుటచే క్రింద పుట్టిన నిప్పునకు మెట్లదారియే పొగగొట్టమగును. తప్పించుకొనుటకు గల యొక్క దారియే మృత్యువు ఎక్కివచ్చు దారి యగుచున్నది. కావున యజమానుని బాధ్యత మొట్టమొదట మెట్లదగ్గరనే ప్రారంభమగును.

క్రిందటి వేసవిలో జ్వరపడిన యొక విద్యార్థిని చూచుటకు మేమొక మూడంతస్తుల మేడకు పోయితిమి. వాటాలు ఆరు; మెట్లదారి యొక్కటి. మెట్లక్రింద ఆరు విద్యుత్ మీటర్లు బిగింపబడియుండెను. వానికి ఆనుకొని రెండు స్కూటర్లు: ఒకదానిలో పెట్రోలు, రెండవదానికి రాత్రియంతయు విద్యుత్తు. ప్రక్కన పాత పరుపు, అట్టపెట్టెలు. డాబా తలుపునకు తాళము. తాళపుచెవి వేరొక పేటలో నివసించు యజమానునియొద్ద. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమునుండి లేచిన పొగ పైనున్న వసతిగృహములోనికి ప్రాకి ఎనమండుగురిని పొట్టనబెట్టుకొనిన సంగతి మాకు జ్ఞప్తికి వచ్చినది.

మేము ఆ యజమానుని కలిసికొని మాటలాడితిమి. ఆయన దుర్మార్గుడు కాడు. "మాష్టారుగారూ, పిల్లలు గాలిపటములకై పైకెక్కి పడిపోయిన నాకెవరు దిక్కు? ప్రక్కమేడనుండి దొంగలు దిగిన నేమి చేయుదును?" అనెను. ఈ భయములు రెండును నిజమైనవే. అయినను తాళమునకు బదులు లోపలివైపున, పిల్లల చేతి కందని యెత్తున గడియ వేయించిన రెండును తీరును. ఆ తలుపు తెరచినచో మెట్లదారిలోని పొగ బయటికి పోవుటకును వీలగును. ఖర్చు కొద్దిపాటిది.

విద్యుత్తు సంగతి యింతకంటె చిక్కైనది. ముప్పది యేండ్లక్రితము రెండు దీపములకును ఒక పంకాకును వేసిన తీగెలమీద నేడు శీతలయంత్రము, నీటి హీటరు, మిక్సీ అన్నియు నడచుచున్నవి. తీగె వేడెక్కి పైపూత కరగును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి తీగె చుట్టుట నోరుమూయించి దొంగను లోనికి రానిచ్చినట్లే. గోడలోని తీగెలను మార్చుట అద్దెకున్నవాని చేతిలోని పని కాదు. అది యజమానుడే, తెలిసిన పనివానిచేత, చేయింపవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలమట్టముననే నిలుచును. మెట్లక్రింద సిలిండర్లు ఉంచరాదు.

చట్టమేమి చెప్పుచున్నదని తలిదండ్రులు అడుగవచ్చును. తెలంగాణములో 18 మీటర్లకు మించి యెత్తుగల నివాసభవనములకు అగ్నిమాపకశాఖవారి అనుమతిపత్రము కావలెను. మన విద్యార్థులుండు రెండు మూడంతస్తుల మేడలు ఆ కొలతకు లోబడియే యున్నవి. పత్రము అక్కరలేదన్న మాటను అపాయము లేదన్న మాటగా గ్రహించువా రనేకులు. ఇంగ్లండులో నట్లు కాదు. 2005వ సంవత్సరపు శాసనము ప్రకారము రెండు కాపురములున్న మేడకైనను, మెట్లు మొదలగు ఉమ్మడి భాగములకు ఒక బాధ్యుడుండి, అందలి అగ్నిప్రమాదములను విచారించి తగిన యేర్పాట్లు చేయవలెను. అయినను శాసనమొక్కటియే చాలలేదు. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు కాలి 72 మంది మరణించిరి. ఇరువదినాలుగు అంతస్తులకు మెట్లదారి యొక్కటియే. గోడలకు బయట తొడిగిన పలకలవెంట మంట ప్రాకెను; పెక్కు వాటాల తలుపులు వాటంతట అవి మూసికొనకపోవుటచే పొగ మెట్లదారిలోనికి వచ్చెను. అటుపిమ్మట 2021లో వచ్చిన చట్టము బయటిగోడలును వాటాల తలుపులును ఆ బాధ్యతలోనివే యని స్పష్టపరచినది. ఇప్పుడు 11 మీటర్లకు మించిన మేడలలో ఉమ్మడి తలుపులను మూడునెలల కొకసారి పరీక్షింపవలెను. మూసిన మంచి తలుపు పొగను అరగంటవరకు ఆపగలదు.

అచ్చట అద్దెకిచ్చు యిండ్లలో అంతస్తున కొకటి చొప్పున పొగను కనిపెట్టి మ్రోగు గంటను యజమానుడు అమర్పవలెనని 2015నుండి నియమము కలదు. అరచేతిలో పట్టు ఈ గంట మన బజారులలోను దొరకును. మాకు తోచినంతవరకు మంటలార్పు సిలిండరుకంటె ఇదియే ముందు కొనదగినది. సిలిండరు మేలుకొన్నవానికి పనికివచ్చును. గంట నిద్రించువానిని లేపును.

పిల్లలారా, నిప్పు కనబడినచో వాటాలవారిని కేకవేసి లేపుడు. పొగలో నడువక నేలకు వంగి ప్రాకుడు. బయటికి పోవుచు తలుపు మూసి పొండు. వస్తువులకై తిరిగి లోనికి పోకుడు. 101కి ఫోనుచేసి వీధిపేరును దగ్గరి గురుతును ముందుగా చెప్పుడు. మీ మెట్లదారి యెట్లున్నదో ఈ సెలవులలో చూచివచ్చి మాకు తెలుపుడు.

మేము చెప్పిన మేడలో డాబా తలుపునకు గడియ వచ్చినది. పరుపును అట్టపెట్టెలును తీసివేయబడినవి. స్కూటర్లు రెండును ఇంకను మెట్లక్రిందనే యున్నవి. వానికి వేరు స్థలము చూపవలెనని యజమానునితో మరల మాటలాడనున్నాము.