ఇల్మాటిక్

ఇల్మాటిక్ అమెరికా ర్యాప్ గాయకుడు నాస్ యొక్క మొదటి స్టూడియో ఆల్బమ్. కొలంబియా రికార్డ్స్ సంస్థ దీనిని 1994 ఏప్రిల్ 19న విడుదల చేసినది. అప్పటికి నాస్ వయస్సు 20 సంవత్సరములు.

న్యూయార్క్ నగరములో నాస్ పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహసముదాయములోని పేదరికము, హింస, మాదకద్రవ్యముల వ్యాపారము, చెరసాల పాలైన మిత్రుల జ్ఞాపకములు ఇందలి పాటలకు ఇతివృత్తములు. డీజే ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్, ఎల్.ఇ.ఎస్. సంగీతమును సమకూర్చిరి. ఒక పాటలో నాస్ తండ్రి, జాజ్ కళాకారుడు ఓలు దారా కార్నెట్ వాయించినాడు.

హిప్ హాప్ పత్రిక ద సోర్స్ ఈ ఆల్బమునకు తన అత్యున్నత శ్రేణియైన ఐదు మైకులను ఇచ్చినది. అయితే విమర్శకుల ప్రశంసకు తగినట్లు అమ్మకములు వెంటనే పెరగలేదు. బిల్‌బోర్డ్ 200 పట్టికలో ఇది 12వ స్థానము వరకే చేరినది. అమెరికాలో 10 లక్షల ప్రతులకు ఇచ్చు ప్లాటినమ్ గుర్తింపు 2001లో గాని లభించలేదు. 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీనిని జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినది.