మీకు తెలుసా? సెంట్రల్ లైను తీసేటప్పుడూ గండమే

మెడ సిరలో పెట్టిన సెంట్రల్ లైను అనే సన్నని గొట్టాన్ని రోగి కూర్చుని ఉండగా లాగేస్తే, ఆ రంధ్రంలోంచి రక్తం బయటికి రావడానికి బదులు బయటి గాలే లోపలికి వెళ్లిపోవచ్చు.

కూర్చున్నప్పుడు మెడ గుండె కన్నా ఎత్తులో ఉంటుంది. అక్కడి పెద్ద సిరల్లో పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గుతుంది, ఊపిరి పీలిస్తే మరీ తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల నీటి మట్టమంత స్వల్ప తేడా ఉన్నా, 14 గేజ్ సూదిలోంచి సెకనుకు సుమారు 100 మిల్లీలీటర్ల గాలి దూరిపోగలదని వైద్య గ్రంథాల లెక్క. 200-300 మిల్లీలీటర్లు ఒక్కసారిగా చేరితే ప్రాణమే పోవచ్చు. అంటే రెండు మూడు సెకన్ల పని! ఆ గాలి గుండె కుడి భాగంలో చేరి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిని అడ్డుకుంటుంది.

అందుకే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, వీలైతే తల కాస్త దిగువన ఉంచి, ఊపిరి బిగబట్టి ముక్కమని చెప్పి లైను తీస్తారు. అది చేయలేని వారికైతే ఊపిరి వదిలే క్షణం చూసుకుంటారు. వెంటనే గట్టిగా అదిమి, గాలి చొరని డ్రెస్సింగ్ వేస్తారు. ఉత్త గాజుగుడ్డ చాలదు. లైను చాలా రోజులు ఉన్నచోట చర్మం నుంచి సిర దాకా సన్నని సొరంగం మిగిలిపోతుంది మరి. ఆ తర్వాత ఓ అరగంట పడుకునే ఉండాలి. డిశ్చార్జి తొందరలో ముందు ఎగిరిపోయేది ఈ అరగంటే.

ఆసుపత్రిలో ఇలా గాలి ఎక్కితే, దాని చికిత్సకు అదనపు సొమ్ము ఇవ్వడం అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2008 అక్టోబరులోనే మానేసింది.