దీపం ఆరని గుడారం

గురువారం సాయంకాలం నాంపల్లి రైలుస్టేషను దాటి కొద్ది దూరం నడిస్తే గులాబీల వాసన, అగరు ధూపం ముందుగా ఎదురు వస్తవి. ఆ వెనుక కవ్వాలీ గానం వినవస్తుంది. అక్కడ యూసుఫైన్ దర్గా ఉన్నది. యూసుఫైన్ అనే మాటకు అరబ్బీ వ్యాకరణం ప్రకారం ఇద్దరు యూసుఫులని అర్థం. కాని అక్కడ పక్కపక్కన విశ్రమించినవారు యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అనే ఇద్దరు మిత్రులు. సంస్కృతంలో ‘పితరౌ’ అన్నప్పుడు తండ్రితోపాటు తల్లి కూడ స్ఫురించినట్లే, ఒకరి పేరు చెప్పి ఇద్దరినీ పిలుచుకోవడం ఇక్కడి అలవాటైనది.

ఒకనాడు ఆ దర్గా వాకిట నల్లగొండ వైపునుండి వచ్చిన ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నది. నుదుట కుంకుమ, చేతులనిండ గాజులు, కొంగున ముడివేసిన చిల్లర డబ్బులు. మనుమనికి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకొన్నదట. “ఈ బాబాలు ఎవరమ్మా?” అని అడిగినాను. “సిపాయిలు నాయనా. గాలివాన కొట్టినా వాళ్ల దీపం ఆరలేదంట” అన్నది. అంతటితో కథ ముగిసినదన్నట్లు పూలదండ సవరించుకొన్నది.

ఆ కథను నేనొక ప్రసంగంలో చెప్పిన తరువాత ఒక శ్రోత జాబు వ్రాసినారు. గోలకొండను జయించుటకు ఔరంగజేబుకు తోడ్పడినవారిని గోలకొండ ప్రజలే ఎందుకు కొలవాలి, ఈ కథలో నిజమెంత, అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనది. రేడియోలో పది నిమిషాలలో చెప్పలేకపోయినదానిని ఇక్కడ కొంత వివరంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు కథ. మొగలు సేనలు గోలకొండను ముట్టడించి నెలలు గడచినవి. కోట లొంగలేదు. ఒక రాత్రి పెనుగాలి లేచి, వాన కురిసి, శిబిరంలోని దీపాలన్నీ ఆరిపోయినవి. చక్రవర్తి చీకటిలో చూడగా దూరాన ఒక చిన్న గుడారంలో మాత్రం దీపం నిలకడగా వెలుగుతున్నది. దగ్గరకు పోయి చూస్తే ఇద్దరు సామాన్య సైనికులు ఖురాను పఠిస్తూ కూర్చుని ఉన్నారు. వీరు సిద్ధపురుషులని గ్రహించి, కోట వశమయ్యేటట్లు ప్రార్థించండి అని చక్రవర్తి వేడుకొన్నాడు. వారు మొదట ఒప్పుకోలేదు. చివరకు ఒక పెంకుముక్కమీద ఏదో వ్రాసి, కోటగోడ కింద చెప్పులు కుట్టుకొనే ఒకనికి ఇమ్మన్నారు. ఆ చెప్పులు కుట్టేవాడు అది చదివి మండిపడ్డాడు, తిప్పి పంపినాడు. మరల పెంకు వచ్చినది. ఈసారి అతడు నిట్టూర్చి, తన ఆరె, కత్తి, తోలుముక్కలు మూట గట్టుకొని లేచి వెళ్లిపోయినాడు. కోటను అంతవరకు కాపాడుతూ వచ్చినది ఆ మనిషే. అతడు వెళ్లినాడు, కోట పడిపోయినది. చెప్పేవారినిబట్టి చిల్లర వివరాలు మారుతుంటవి గాని కథ ఇది.

ఇక చరిత్ర. ముట్టడి 1687 తొలి నెలలలో ఆరంభమైనది. ఆ జూను నెలలో నిజంగానే కుండపోత వర్షాలు కురిసి మొగలులు కట్టిన దిబ్బలు కూలిపోయినవి. గోడల కింద సొరంగాలలో కూరిన మందు ఎదురు తిరిగి పేలి వారి సైనికులనే బలిగొన్నది. శిబిరంలో కరవు, రోగాలు. చివరకు సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే కోటలోని అధికారి లంచానికి లోబడి రాత్రివేళ తలుపు తెరిచినాడు. కోటను జయించినది ఫిరంగులు కాదు, బంగారం. శత్రువులు లోపలికి వచ్చినప్పుడు సుల్తాను అబుల్ హసన్ తానీషా కలవరపడకుండ భోజనం ముగించి వారివెంట నడిచినాడని ఆనాటి చరిత్రకారులే వ్రాసినారు. దౌలతాబాదు చెరలోనే ఆయన కన్నుమూసినాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గాలివాన చరిత్రలోనూ ఉన్నది, కథలోనూ ఉన్నది. లంచం మాత్రం కథలో లేదు. ద్రోహి ఉండవలసిన చోట ఒక చెప్పులు కుట్టేవాడు వచ్చి కూర్చున్నాడు. కోట అమ్ముడుపోలేదు, దానిని కాచే పుణ్యపురుషుడు తన అంతట తాను సెలవు తీసుకొన్నాడు. ఓడిన ఊరికి ఇంతకంటె గౌరవమైన వివరణ దొరకదు. ఈ కథను గెలిచినవారు మాత్రమే కట్టి ఉంటే కోటలో ఒక మహాత్ముని కూర్చోబెట్టవలసిన అవసరం వారికి లేదు. కాబట్టి ఇందులో ఓడినవారి చేయి కూడ ఉన్నదని నా అభిప్రాయం. శ్రోత ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నదనుకొంటాను.

ఆరని దీపం మన ఊరిలో పుట్టినది కాదు. ఢిల్లీకి ఉత్తరాన ఉన్న పానిపట్టులో షంసుద్దీన్ తుర్క్ అనే సూఫీ సమాధి ఉన్నది. ఆయన కూడ కొంతకాలం ఢిల్లీ సుల్తాను సేనలో సిపాయిగా పని చేసినాడట. ఒక కోట ముట్టడిలో తుఫాను వచ్చి దీపాలన్నీ ఆరినప్పుడు ఆయన గుడారంలో దీపం ఒక్కటే నిలిచినదని అక్కడివారు చెప్పుకొంటారు. ఆయన కాలం గోలకొండ ముట్టడికి సుమారు మూడున్నర శతాబ్దాల ముందటిది. సేనలవెంట గుడారాలు, వంటపాత్రలు వచ్చినట్లే కథలు కూడ వస్తవి. వచ్చిన చోట స్థానికమైన మట్టి అంటుకొంటుంది. ఇక్కడ అంటుకొన్న మట్టి ఆ పెంకుముక్క.

తెలుగువారికి మరొక రాత్రి జ్ఞాపకం రాక మానదు. పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో రాముని గుడి కట్టించి, పన్నెండేండ్లు గోలకొండ చెరసాలలో ఉన్నాడు. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పి ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొని పోయినారు. రామదాసుకు ఎన్నడూ కనిపించనివారు తానీషాకు కనిపించినారని మన పల్లెలలో నేటికీ ముచ్చటగా చెప్పుకొంటారు. అదే గోలకొండ, అదే తానీషా కాలం. ఇద్దరు పురుషులు, రాత్రివేళ, ఒక రాజు ఎదుట. ఒక కథలో ఆ ఇద్దరు భక్తుని కోట నుండి విడిపించినారు, మరొక కథలో ఆ ఇద్దరివల్ల రాజు కోటనే పోగొట్టుకొన్నాడు. ఒకదానిని చూచి మరొకటి అల్లినారని నేను అనడం లేదు. ఆ పదిహేనేండ్ల పాలన, ఆ హఠాత్పతనం జనం మనసులో ఎంత లోతుగా దిగినవో చెప్పడానికి ఈ రెండు రాత్రులు చాలును. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే సంప్రదాయం తానీషాతోనే మొదలైనదని చెబుతారు.

కథలకు గుర్తు కూడ కావాలి. నగరానికి ఈశాన్యాన ఉన్న మౌలాలి గుట్టకు ఆ గుర్తు రాతిమీది హస్తముద్ర. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్ అనే అతనికి 1578లో కల వచ్చినదని, కలలో హజ్రత్ అలీ గుట్టమీద చేయి ఆనించి కూర్చుని ఉన్నారని, మరునాడు చూస్తే అక్కడ చేతి గుర్తు ఉన్నదని కథనం. ఇటువంటి గుర్తులలో లోకప్రసిద్ధమైనది సింహళంలోని శ్రీపాద పర్వతంమీది అడుగు. బౌద్ధులు అది బుద్ధునిదంటారు, హిందువులు శివునిదంటారు, ముసల్మానులు ఆదిపురుషుడు ఆదాముదంటారు, క్రైస్తవులలో కొందరు సెయింట్ థామస్‌దంటారు. కొండ ఎక్కే మెట్లు మాత్రం నలుగురికీ అవే. ఇటువంటి కథలను భూమి దస్తావేజులవలె చదివి, ఇది మాది, అది మీది అని హద్దురాళ్లు పాతబోయినవారు కథనూ చెడగొట్టినారు, కొండనూ చెడగొట్టినారు.

మరల మన వీధులకు వద్దాము. ఆబిడ్స్ ప్రక్కన గన్‌ఫౌండ్రీ ఉన్నది. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు అది. 1798లో ఆయన మరణించినాడు. ఆయన సిపాయిలలో హిందువులు ఆయనను మూసారాముడన్నారు, ముసల్మానులు మూసా రహీమన్నారు. ఆయన సమాధి దగ్గర ఏటేటా దీపాలు పెట్టినారు. మూసారాంబాగ్ అనే పేరు ఆయనదే. ఫ్రాన్సు దేశపు క్రైస్తవునికి ఇంతకంటె స్వంతమైన పేరు ఎవరు పెట్టగలరు! సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి కథలోనూ సేనకు చెందినవాడే ఉన్నాడు. 1813లో నగరంలో కలరా చెలరేగినప్పుడు, పటాలంతో ఉజ్జయిని వెళ్లిన డోలీ మోసే సూరిటి అప్పయ్య, రోగం తగ్గితే అమ్మవారిని మా ఊరిలో నిలుపుతానని మొక్కుకొన్నాడు. 1815లో కొయ్య విగ్రహం వెలసినది. నేటి బోనాలకు అది మూలస్థానాలలో ఒకటి.

సిపాయిలు, బోయీలు, బదిలీమీద వచ్చిన పరదేశులు. ఈ నగరపు పుణ్యస్థలాలలో ఇన్ని వీరి చుట్టూ అల్లుకొన్నవి. అటువంటివారిని సొంతవారుగా చేసుకోవడానికి ఊరికి ఉన్న ఉపాయం కథ. యూసుఫైన్ ఆవరణలోనే ఢిల్లీ కవి దాగ్, లక్నో వైపునుండి వచ్చిన కవి అమీర్ మీనాయి సమాధులు కూడ ఉన్నవి. వారూ వలస వచ్చినవారే.

కొత్త కట్టడాలకు ఇంకా ఇటువంటి కథలు పుట్టలేదు. గన్‌ఫౌండ్రీలో 1870లో పునాది పడిన సెయింట్ జోసెఫ్ చర్చికి 1892లో ఇటలీనుండి గంటలు తెప్పించినారు. నౌబత్ పహాడ్ ప్రక్క కొండమీద 1976లో తెరిచిన బిర్లా వేంకటేశ్వరాలయంలో, ధ్యానానికి భంగం కలుగరాదని, గంటలే పెట్టలేదు. ఒకప్పుడు రాజాజ్ఞలు చాటే నగారాలు మోగిన కొండ దాపున మౌనంగా ఉన్న గుడి! రెండు వేల టన్నుల చలువరాయి లెక్క కాగితాలమీద ఉన్నది. కథ అల్లడానికి జనానికి కొంత వ్యవధి కావాలి.

ఆ సాయంకాలం వృద్ధురాలిని ఇంకొక మాట అడిగినాను. కోట కింద కూర్చున్న ఆ చెప్పులు కుట్టేవాడు తరువాత ఎక్కడికి పోయినాడమ్మా, అని.

“యాడికి పోతడు? పని ఉన్నకాడికి పోతడు” అని, రైలు వేళ అయినదని లేచి స్టేషను వైపు నడిచినది.